ఇటలీ తోలు, పుప్పాలగూడ ఎండ

బూట్లు పూర్తయ్యాయి. శనివారం పొద్దున, పాల ప్యాకెట్లు ఇంకా గుమ్మంలోకి రాకముందే, మెర్సీ హాల్లోకి వచ్చి మళ్ళీ చూసుకుంది. నిన్న సాయంత్రం చివరి కుట్టు వేసి, మైనం పూసిన దారం తెంపి, బల్ల మీద పక్కపక్కన నిలబెట్టిన జత నిలబెట్టినట్టే ఉంది. చీలమండ దాటి జానెడు పైకి లేచిన పొడుగు బూట్లు. ఆకారం నిలవడానికి లోపల పెట్టిన చెక్క పాదాలు ఇంకా బిగించే ఉన్నాయి. రంగు వేయలేదు, మెరుగు పెట్టలేదు. కాగిన పాల మీద మీగడ కట్టేటప్పుడు కనిపించే రంగు అది. మెర్సీ వంగి వాసన చూసింది. తడిసిన బెరడు వాసన, ఎండిన గడ్డి వాసన, ఎక్కడో లోపల కాస్త తీపి.

ఆ తోలు ఇటలీ నుంచి వచ్చింది. టస్కనీలో పాత పద్ధతి వదలని వాళ్ళు ఇంకా ఉన్నారు. రసాయనాలతో గబగబా తేల్చేయరు. చెట్ల చెక్క, బెరడు ఉడికించిన కషాయంలో వారాల తరబడి నానబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ నానబెట్టి పదును చేస్తారు. పార్సిల్ విప్పిన రోజున ఈ సంగతి చెబితే అమ్మమ్మ సువార్తమ్మ తోలును మడిచి, వదిలి, తిరగేసి చూసింది. తన చిన్నప్పుడు తెనాలి దగ్గర వాళ్ళ నాన్న తంగేడు చెక్కతో ఇలాగే చేసేవాడనీ, ఆ తొట్టి పక్కనుంచి వెళ్ళేటప్పుడు పిల్లలంతా ముక్కు మూసుకునేవాళ్ళనీ, ఇటలీ వాళ్ళ పిల్లలు కూడా మూసుకుంటారేమోననీ అంది.

అలాంటి తోలు దేన్నీ మరిచిపోదు. ఎండ తగిలితే ముదురుతుంది. చేయి తగిలితే మెరుస్తుంది. చుక్క పడితే, ఆ చుక్క ఎక్కడ పడిందో దాచుకుంటుంది. అందుకే మెర్సీ ఆ జత కుట్టినన్ని నాళ్ళూ చేతులు కడుక్కుని కూర్చునేది, నుదుటికి గుడ్డ కట్టుకునేది, బల్ల మీద టీ గ్లాసు పెట్టనిచ్చేది కాదు.

వారమంతా ఆమె నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఇతరులు రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వెతకడమే పని. శని, ఆదివారాల్లో మాత్రం తప్పులు తనవే. పాతబస్తీలో కొన్న మామూలు తోలుతో ఎన్నో జతలు కుట్టింది, ఎన్నో జతలు విప్పింది. ఆరెతో పొడిచిన రంధ్రం వంకర పోతే ఆ ముక్క చెత్తబుట్టకే. ఈ జతకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. వచ్చింది ఒక్క తోలు. సరిపోయింది ఒక్క జతకు.

ఆ జత ఈ సాయంత్రం భార్గవి దుకాణానికి చేరాలి.

భార్గవి దుకాణం నానక్‌రామ్‌గూడ టవర్ల నడుమ, రోడ్డు వైపు నిలువెత్తు అద్దంతో, ఈ రోజే తెరుచుకుంటోంది. అందులో ఉండేవన్నీ బూట్లే. నూరేళ్ళ నాటి పద్ధతిలో కుట్టినవి, అడుగు అరిగితే కొత్త అడుగు వేయించుకుని మళ్ళీ తొడుక్కునేవి. లోపల అరల నిండా ఎన్నో జతలు ఉన్నా, వీధిలోకి కనిపించే అద్దం వెనక మాత్రం ఒకే ఒక జత ఉంటుంది. ఆ చోటు మెర్సీకి ఇస్తానని భార్గవి మాట ఇచ్చింది. షరతులు రెండు. తోలు ఇటలీ నుంచి వచ్చినట్టే, మీగడ రంగులోనే ఉండాలి. దీపాలు వెలిగే లోపల జత చేరాలి. చేరకపోతే విదేశం నుంచి తెప్పించిన మరో జత పెట్టెలో సిద్ధంగా ఉంది. బూట్ల ముందు ఉంచే ఇత్తడి పలక ఫొటోను భార్గవి మొన్ననే పంపింది. “చేసినది: మెర్సీ, పుప్పాలగూడ.” ఆ ఫొటోను మెర్సీ ఆఫీసులో చూసింది, లిఫ్టులో చూసింది, నీళ్ళు తాగుతూ చూసింది. తన పేరు అలా లోహం మీద ఎప్పుడూ చూడలేదు.

ఇవాళ చూస్తుంది. నిజంగా చూస్తుంది. ఆ ఊపులోనే స్నానానికి వెళ్ళింది, ఆ ఊపులోనే తిరిగి వచ్చింది.

వచ్చేసరికి బల్ల ముందు అమ్మమ్మ నిలబడి ఉంది. తల మీద కొంగు, మూసిన కళ్ళు, ఎత్తిన ఎడమ చేయి. కుడిచేతి బొటనవేలు కుడి బూటు ముక్కు మీద ఉంది. ప్రార్థన మంచి జోరు మీద ఉంది. ఈ పాదరక్షలు తొడిగే పాదాలు తొట్రుపడకూడదని, వీటిని కుట్టిన చేతులు ఆశీర్వాదం పొందాలని, ఆ అద్దాల కొట్టు అమ్మాయి కూడా చల్లగా ఉండాలని సువార్తమ్మ దేవుణ్ణి వేడుకుంటోంది. పక్కనే మూత తీసిన చిన్న సీసా. ఒలీవ నూనె.

ఆ ఇంట్లో కొత్త వస్తువు ఏది వచ్చినా ఇదే వరస. ఫ్రిజ్ తలుపు మీద నూనె సిలువ ఉంది. స్కూటీ హెడ్‌లైటు మీద ఉంది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ మూత మీద, మొదటి రోజే, ఆఫీసు స్టిక్కరు పక్కన పడింది. వాటి మీది నూనె గుడ్డతో తుడిస్తే పోతుంది. మెర్సీకి ఈ వరస పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసీ, ఈ తోలుకు మాత్రం వద్దని ఒక్క మాట చెప్పడం మరిచిపోయింది.

“ఆమేన్” అని సువార్తమ్మ కళ్ళు తెరిచింది. మనవరాలి ముఖం చూసి, తరవాత బూటు చూసింది.

మీగడ రంగు తోలు మీద, సరిగ్గా ముక్కు నడుమ, చింతపండు రంగులో సిలువ. అంచులు స్పష్టంగా ఉన్నాయి. తోలు ఆ నూనెను అప్పుడే తాగేసింది.

“అమ్మమ్మా, ఏం చేశావు?”

“ప్రార్థన చేశానే. ఆరిపోతుందిలే.”

“ఆరదు. ఇది ఆరేది కాదు.”

సువార్తమ్మ కొంగుతో తుడిచింది. కొంగుకు ఏమీ అంటలేదు. ఇంకోసారి తుడవబోతే మెర్సీ ఆ చేయి పట్టుకుంది. ఎడమ బూటు మీద ఒక్క చుక్క కూడా లేదు. రెండింటికీ పెట్టి ఉంటే జతైనా కలిసేది కదా, ఒక్కదానికే ఎందుకు పెట్టావని అడిగింది. అమ్మమ్మ తడుముకోలేదు. యాజకుడు నూనెతో శుద్ధి చేసేటప్పుడు కుడి చెవికి, కుడి చేతి బొటనవేలికి, కుడి కాలి బొటనవేలికి పూస్తారనీ, వాక్యంలో ఎడమ కాలి ఊసే లేదనీ, తను సొంత తెలివితో ఏమీ చేయలేదనీ చెప్పింది. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించింది. చివరికి కుర్చీలో కూర్చుని సీసా మూత తిప్పుతూ ఉండిపోయింది.

మెర్సీ బూటును కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. పిండి చల్లితే? పైనున్న నూనెనే పీలుస్తుంది, లోపలికి దిగినదాన్ని కాదు. సబ్బు పెడితే? నీటి చార కూడా తోడవుతుంది. ముక్కు భాగం విప్పి మార్చాలంటే తోలు లేదు. ఒక దారి మూసుకుంది, ఇంకో దారి మూసుకుంది. ఆఫీసులో తప్పు దొరికితే సంతోషం. ఇక్కడ తప్పు కళ్ళ ముందే ఉంది, తీసే వీలు లేదు.

తీయలేం.

ఆ మాట అనుకోగానే దాని అవతలి వైపు కనిపించింది. మరకను తోలు రంగుకు వెనక్కి తేలేం. తోలునే మరక రంగు దాకా ముందుకు తీసుకెళ్ళాలి. రెండు బూట్లకూ అంతటా అదే నూనె, పలచగా, ఒకే పొరగా. ఆ తరవాత ఎండ. ఈ తోలు ముదరడానికే పుట్టింది. నెలల మీద ముదిరేదాన్ని ఈ రోజులో ముదిరించాలి. అప్పుడది మీగడ రంగు కాదు, నిజమే. భార్గవి ఒప్పుకుంటుందో లేదో తెలియదు. మరక ఉన్న జతనైతే గుమ్మం కూడా దాటనివ్వదు, అది తెలుసు.

“అమ్మమ్మా, ఆ సీసా ఇటివ్వు.”

సువార్తమ్మ సీసాను గుండెకు హత్తుకుంది. అది సంఘ పెద్ద ఒకాయన యెరూషలేము యాత్ర నుంచి తెచ్చిచ్చిన నూనె. జబ్బు పడినవాళ్ళ నుదుటికి పూసేందుకు దాచిపెట్టుకుంది. కూతురికి, అంటే మెర్సీ అమ్మకు, ఆసుపత్రిలో నర్సుగా డ్యూటీకి వెళ్ళే ముందు ఒక్కో చుక్క పెట్టి పంపుతుంది.

“ఇది బూటు పాలిష్ కాదే పిల్లా.”

“పొద్దున్నే బూటుకు పూసింది ఎవరు?”

“అది ప్రార్థన.”

“అయితే ప్రార్థన చేస్తూనే పూయి. అంతా పూయి. రెండిటికీ పూయి.”

సువార్తమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. అందులో తప్పు కనిపించలేదు. లేచి, చేతులు కడుక్కుని, కొంగు నడుముకు బిగించింది.

మెత్తటి పాత గుడ్డకు నూనె అద్ది మెర్సీ ఎడమ బూటు పట్టుకుంది. కుడిది అమ్మమ్మ పట్టుకుంది. ముక్కు నుంచి మడమకు, మడమ నుంచి పైకి, ఆగకుండా, ఒక్కచోట నిలవకుండా గుడ్డ తిరిగింది. ఆగితే మచ్చ, నిలిస్తే చార. సిలువ మీద మాత్రం గుడ్డ వాలకూడదని మెర్సీ చెబుతుంటే, తన ప్రార్థనకు అడ్డురావద్దని అమ్మమ్మ కసిరింది. దావీదు పాదాలు, రూతు పాదాలు, మోషే విప్పిన చెప్పులు, గుర్తున్న పాదాలన్నీ ఆ ప్రార్థనలోకి వచ్చాయి. సీసా అడుగంటింది. మీగడ రంగు పోయి బిస్కెట్టు రంగు వచ్చింది. సిలువ ఇంకా ముదురుగానే ఉంది.

ఇద్దరూ మేడెక్కారు.

డిసెంబరు ఎండ. వేడి తక్కువ, వెలుగు ఎక్కువ. నీళ్ళ ట్యాంకు పక్కన స్టూలు వేసి, బూట్లను ఆగ్నేయానికి తిప్పి నిలబెట్టారు. కాసేపటికి పక్కకు తిప్పారు, కాసేపటికి వెనక్కి తిప్పారు. మెర్సీ కళ్ళు ఆ తోలు మీదే ఉన్నాయి. రంగు మారుతోందా, తన ఆశ మారుస్తోందా? తేడా తెలుసుకోవడానికి బూటు పైఅంచున వేలాడే చిన్న తోలు పట్టీని ఎత్తి చూసింది. పట్టీ కింద నీడలో ఉన్న చోటు లేతగా ఉంది. ఎండ తగిలిన చోటు ముదిరింది. మారుతోంది. నిజంగానే మారుతోంది. ఆమె అరికాళ్ళలో ఏదో పరుగు మొదలైంది. నిలబడలేక ట్యాంకు చుట్టూ తిరిగింది.

సరిగ్గా అప్పుడు ఎండ పోయింది.

దక్షిణాన కొత్తగా కడుతున్న టవర్ వెనక్కి సూర్యుడు జారాడు. ఆ టవర్‌కు పోయినేడు ఇంత ఎత్తు లేదు. ఇప్పుడు చలికాలమంతా పొద్దెక్కాక వీధి వీధంతా దాని నీడలోనే ఉంటుంది. మేడ మీద ఆరేసిన బట్టలు ఒక్కసారిగా బూడిద రంగుకు తిరిగాయి. భార్గవి ఫోను కూడా అప్పుడే వచ్చింది. బూట్ల ఫొటో ఒకటి పంపమని, పూలు ఏ రంగువి పెట్టాలో చూసుకుంటానని అడిగింది. ఫొటోలో రంగు సరిగ్గా రాదనీ, నేరుగా తెస్తున్నాననీ మెర్సీ చెప్పింది. చెప్పింది అబద్ధం కాదు, అయినా చెవులు వేడెక్కాయి.

కింద వీధిలో కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించింది.

ఎదురు అపార్టుమెంటు వాచ్‌మన్ ఓదెలు తన ప్లాస్టిక్ కుర్చీని గేటు దగ్గరి నుంచి గోడ మూలకు లాక్కుంటున్నాడు. రోజూ ఇదే వేళకు లాక్కుంటాడు. ఎందుకో మెర్సీకి తెలుసు. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఎన్నిసార్లు వినలేదు ఆ ఫిర్యాదు. ఉత్తరాన రోడ్డవతల ఉన్న అద్దాల బిల్డింగు మీద ఎండ పడి, అక్కడి నుంచి తిరిగి వచ్చి, తన గేటు మీదే పడుతుందట. కళ్ళు మండుతాయట. ఉన్న ఒక్క సూర్యుడు చాలక ఈ కంపెనీలోళ్ళు ఇంకోదాన్ని తయారు చేశారట.

మెర్సీ పిట్టగోడ మీదికి వంగి చూసింది. నీడ నిండిన వీధిలో, ఓదెలు వదిలి వెళ్ళిన చోట, గళ్ళు గళ్ళుగా, అద్దం అద్దంగా, తెల్లటి ఎండ పరుచుకుని ఉంది.

“అమ్మమ్మా, స్టూలు పట్టు.”

మెట్లు ఎలా దిగారో తెలియదు. ఒక్కో చంకలో ఒక్కో బూటుతో ముందు మనవరాలు, వెనక స్టూలుతో అమ్మమ్మ. గేటు ముందు, ఆ వెలుగు నడుమ స్టూలు వేసి జతను నిలబెట్టేసరికి ఓదెలు లేచి వచ్చాడు.

“ఏంది బిడ్డా, నేను ఉరికొచ్చిన జాగల బూట్లు వెట్టినవ్?”

మెర్సీ జరిగింది చెప్పింది. సువార్తమ్మ పక్కనుంచి యాజకుడు కుడికాలికి నూనె పూసే సంగతి కూడా కలిపింది. ఓదెలు అంతా విని, బూటు ముక్కు మీది సిలువను చూసి, మా దగ్గర కొత్త బండి కొంటే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తమని, అట్ల చేసి ఉంటే నిమ్మకాయలే పిప్పి అయిపోయేవి గానీ బూట్లకు ఏం గాకపోవునని అన్నాడు. సువార్తమ్మ మూతి తిప్పింది. అతని భార్య మల్లమ్మ ఆ అద్దాల బిల్డింగులోనే హౌస్‌కీపింగ్. భోజనం వేళకు ఇంటికి వచ్చి, గుమిగూడిన వాళ్ళను చూసి ఆగింది. సంగతి తెలుసుకుని నవ్వింది.

“లోపలి నుంచి ఆ అద్దాలు తుడిసేది నేనే. గట్లయితే ఈ ఎండ నాదే. జర మంచిగ వాడుకోండ్రి.”

వాడుకున్నారు. కానీ ఆ ఎండ నిలిచేది కాదు. ఆకాశంలో సూర్యుడు పడమరకు జరిగితే, అద్దం నుంచి తిరిగి వచ్చిన వెలుగు తూర్పుకు జరుగుతుంది. అది మెర్సీకి కొత్త. కాసేపు చూసి తెలుసుకుంది, తెలుసుకుని స్టూలు జరిపింది. గేటు నుంచి గోడకు, గోడ నుంచి ఇస్త్రీ బండి దగ్గరకు. వెలుగు వెళ్ళింది, బూట్లు వెళ్ళాయి. బూట్లు వెళ్ళాయి, వెనకే అమ్మమ్మ వెళ్ళింది. ఇస్త్రీ చేసే ఆవిడ బొగ్గుల పెట్టెను పక్కకు జరిపి చోటిచ్చింది. బిస్కెట్టు రంగు బెల్లం రంగయింది. సిలువ అంచులు మెత్తబడ్డాయి. లోపల నిండిన నూనె నెమ్మదిగా చుట్టూ పాకుతోంది. చుట్టూ ఉన్న తోలు నెమ్మదిగా దానికి ఎదురు వస్తోంది. మెర్సీ మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఎదురురావడాన్ని చూస్తోంది.

అక్కడి నుంచి వెలుగు ముందుకు జరిగి ఒక షేర్ ఆటో మీద ఎక్కి కూర్చుంది. నేల మీద మిగిలింది ఆటో నీడ.

డ్రైవర్ అజయ్ వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని నిద్రపోతున్నాడు. మెర్సీ పిలవడానికి మొహమాటపడింది. సువార్తమ్మ పడలేదు. రేకును అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది.

“బాబూ, లే. నీ బండి ఎండకు అడ్డం.”

“గిరాకీ లేదు అవ్వా, జర పండనియ్యి.”

“పడుకుందువుగాని, అటు పక్కన నీడలో పడుకో. మా పిల్ల పేరు ఇత్తడి మీద రాశారు. సాయంత్రం దాకా ఈ ఎండ మాకు కావాలి.”

ఇత్తడికీ ఎండకూ సంబంధం ఏమిటో అజయ్‌కు అర్థం కాలేదు. ఆమె గొంతు మాత్రం అర్థమైంది. ఆటోను నెట్టుకుంటూ నీడలోకి తీసుకెళ్ళాడు. తరవాత నిద్ర రాక తిరిగి వచ్చాడు. ఏమిటీ చోద్యమని చూస్తూ, ఇప్పుడు ఎడమది తిప్పాలి, ఇప్పుడు కుడిది తిప్పాలి అని తనే చెప్పడం మొదలుపెట్టాడు. ఓదెలు తన కుర్చీ తెచ్చి అక్కడే వేసుకున్నాడు. ఏడాది పొడుగునా ఆ ఎండను తిట్టినవాడు, దాని మీదుగా ఒక మబ్బు పోతుంటే లేచి నిలబడి ఆకాశాన్ని కోపంగా చూశాడు.

వీధి చివర వెలుగు పలచబడి, గళ్ళు విడిపోయి, చివరి ముక్క గోడ ఎక్కి ఆరిపోయింది. మెర్సీ బూట్లు చేతిలోకి తీసుకుంది. తేనె రంగు. ముక్కు నుంచి మడమ దాకా ఒకే తేనె. నేరుగా చూస్తే రెండూ ఒకటే. కాస్త వంచి చూస్తే మాత్రం కుడి ముక్కు మీద, నీళ్ళ అడుగున గులకరాయి కనిపించినట్టు, సిలువ ఇంకా ఉంది.

“ఉందా?” అని సువార్తమ్మ అడిగింది.

“ఉంది.”

చెక్క పాదాలు తీసి, బూట్లకు లేసులు ఎక్కించేసరికి అజయ్ ఆటో స్టార్ట్ చేసే ఉంది.

నానక్‌రామ్‌గూడ రోడ్డు శనివారం కూడా శనివారంలా ఉండదు. క్రేన్లు, కంకర లారీలు, మెట్రో పనులంటూ పెట్టిన అడ్డుకట్టలు. ఆటో సందుల్లోంచి దూరింది, లారీ పక్కనుంచి జారింది, సిగ్నల్ దగ్గర బుసకొట్టింది. అమ్మమ్మ పక్కన, ఒళ్ళో బూట్ల సంచి పెట్టుకుని మెర్సీ చెప్పవలసిన మాటలు వరసగా పేర్చుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా అవి చెదిరిపోయాయి. మళ్ళీ పేర్చుకుంది. చివరికి ఒక్కటే మిగిలింది, జరిగింది చెప్పాలి.

దుకాణంలో దీపాలు ఇంకా వెలగలేదు. అద్దం వెనక ఉన్న తెల్లటి దిమ్మె మీద విదేశీ జత అప్పటికే నిలబడి ఉంది. దాని ముందు మెర్సీ పేరున్న ఇత్తడి పలక బోర్లించి ఉంది. ముందు జాగ్రత్తగా పెట్టి చూశానని, నీది రాగానే తీసేస్తానని భార్గవి చెబుతూనే సంచిలోంచి వస్తున్న బూట్లను చూసి ఆగిపోయింది.

“ఇదేంటి మెర్సీ, ఈ కలర్ ఏంటి? నేను అడిగింది ఇది కాదు కదా.”

మెర్సీ చెప్పింది. ప్రార్థన, నూనె, మరక, ఎండ. ఏదీ దాచలేదు, ఎవరినీ కాపాడలేదు, తనను కూడా. లేతగా ఉండాల్సిన తోలును చేజేతులా ముదిరించానని చెప్పింది. భార్గవి చేతులు కట్టుకుని వింది. ఇన్విటేషన్లలో, పోస్టర్లలో అన్నిటా మీగడ రంగు తోలు అనే వేసుకున్నామని, ఇప్పుడు ఇది పెడితే ఏం చెప్పాలని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. నిర్ణయం అయిపోయిన నిదానం ఉంది. అదే మెర్సీని భయపెట్టింది.

అప్పుడు ఆమె చూపు కిటికీ గట్టు మీద పడింది. దుకాణం పనులు మొదలైనప్పుడు, ఎలాంటి తోలో చూసుకోవడానికని, అదే ఇటలీ తోలు ముక్క ఒకటి భార్గవికి ఇచ్చింది. అది అక్కడే, పడమటి ఎండలో, దుకాణం పేరున్న అట్టముక్క కింద అన్నాళ్ళుగా పడి ఉంది.

“ఆ అట్ట ఒకసారి ఎత్తి చూడండి.”

భార్గవి ఎత్తింది. అట్ట ఉన్నంత మేర, గీత గీసినట్టు, మీగడ. చుట్టూ తేనె. ఆమె ఆ ముక్కను బూటు పక్కన పెట్టింది. ముక్క అంచు రంగు, బూటు రంగు దాదాపు ఒకటే.

“లేతగా తెచ్చి ఇక్కడ నిలబెట్టినా, సంక్రాంతి నాటికి వీధి వైపు ఇలా అయ్యేది, లోపలి వైపు అలాగే ఉండేది,” అంది మెర్సీ. “ఈ తోలుకు ఒక రంగు ఉండదండి. ఎక్కడుంటే అక్కడి ఎండ రంగు. ఇది పుప్పాలగూడది.”

భార్గవి ఆ ముక్కను చేతిలో తిప్పి చూసింది. తరవాత కుడి బూటును అందుకుని కిటికీ వైపు వంచింది. వేలు ముక్కు మీద ఆగింది.

“ఇదేనా ఆ సిలువ? పోతుందా?”

“చుట్టూ ఇంకా ముదిరే కొద్దీ కలిసిపోతుంది. పూర్తిగా పోదు.”

“నేనే పెట్టానమ్మా,” అంది వెనక నుంచి సువార్తమ్మ. “దానికేం తెలియదు, స్నానం చేస్తోంది. నీ కొట్టు కోసం కూడా ప్రార్థన చేశాను. కావాలంటే దాన్నే అడుగు.”

భార్గవి తిరిగి చూసింది. సువార్తమ్మ దుకాణం నడుమ, మెరిసే గచ్చు మీద, వట్టి కాళ్ళతో నిలబడి ఉంది. చుట్టూ గోడల నిండా బూట్లు. ఆమె రబ్బరు చెప్పులు మాత్రం, మందిరం బయట విడిచినట్టే, అద్దాల తలుపు అవతల పక్కపక్కన ఉన్నాయి. భార్గవి ఆ పాదాలను చూసింది, తలుపు అవతల చెప్పులను చూసింది. ఇంక ఆపుకోలేక నవ్వేసింది.

“అమ్మమ్మగారూ, ఇది చెప్పుల కొట్టేనండి. వేసుకునే రావచ్చు.”

అని, దిమ్మె దగ్గరకు వెళ్ళి విదేశీ జతను దించింది. మెర్సీ జతను ఎక్కించి, ఎడమ బూటును ముందుకు, కుడి బూటును కాస్త వెనక్కి పెట్టింది. సిలువ కనిపించకుండా లేసు చివరను దాని మీదికి వేలాడదీసింది. తోలు ముక్కను, అట్టతో సహా, బూట్ల పక్కన పెట్టింది. కొద్దిగా దూరం జరిగి తల ఊపింది. చివరికి ఇత్తడి పలకను తిప్పి నిలబెట్టింది.

మెర్సీ కదల్లేదు. చూసింది. ఫొటోలో కంటే అక్షరాలు చిన్నవి. అయినా రోడ్డవతలి నుంచి కూడా కనిపిస్తాయనిపించింది.

దీపాలు వెలిగించడానికి భార్గవి లోపలికి వెళ్ళింది. ఆమె స్విచ్చి దాకా చేరేలోపు సువార్తమ్మ ఆ దిమ్మె మీదికి ఒంగి, ఎవరినీ అడక్కుండా, కుడి బూటును ముందుకు జరిపి, లేసును పక్కకు తోసింది. మెర్సీ చూసింది. వద్దనలేదు.

దీపాలు ఒక్కసారిగా వెలిగాయి. తేనె రంగు తోలు లోపలి నుంచి వెలిగినట్టయింది. బయట ఆటోకు ఆనుకుని నిలబడిన అజయ్ వీడియో కాల్‌లో ఓదెలుకు బూట్లు చూపిస్తూ, కొంచెం ఆగు, కొంచెం ఆగు, గేటు కాడి ఎండ కనిపిస్తుంది చూడు అంటున్నాడు. ఆఫీసు బ్యాగుతో వెళ్తున్న ఒకతను అద్దం ముందు ఆగి, కుడి బూటు ముక్కు వైపు చూసి, తల కొద్దిగా పక్కకు వంచాడు.

వెనక్కి తిరిగి వచ్చిన భార్గవి కూడా చూసింది, ముందు అతణ్ణి, తరవాత బూటును. లేసు సర్దడానికి చేయి చాపి, మధ్యలో వెనక్కి తీసుకుంది.